పదిలో 10 జీపీఏ, మ్యాథ్స్‌లో గట్టి, అయినా బైపీసీ ఎందుకు: ఒక అమ్మాయి కేసు మొత్తం

నేను హన్మకొండల పదో తరగతి, ఇంటర్ పిల్లలకి గ్రూపుల గురించి కౌన్సెలింగ్ చేస్తుంట, అంతకుముందు జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్పిన. ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఒకటే ప్రశ్న, ఎంపీసీనా బైపీసీనా. చాలా ఇండ్లల్ల ఈ ముచ్చట "మ్యాథ్స్ బాగొస్తది కదా, ఎంపీసీ వెయ్యండి" అన్న కాడనే అయిపోతది, ఆపైన ఎవరూ ఆలోచించరు. మ్యాథ్స్ బాగా వచ్చిన పిల్ల బైపీసీ తీసుకుంటే మ్యాథ్స్ వృథా పోయినట్టే అని లెక్చరర్లు కూడా అనుకుంటరు. అది తప్పు. ఎందుకు తప్పో ఒక అమ్మాయి కేసు మొదటినుంచి రాస్తే అర్థమైతదని ఇది రాస్తున్న. ఫ్యామిలీ పర్మిషన్ తీసుకున్న, గుర్తుపట్టే వివరాలు తీసేసిన, అందుకే ర్యాంకు కూడా చెప్పను.

కేసు 2022 ఎండాకాలంది. ఆ ఏడు పదో తరగతి రిజల్ట్స్ జూన్ 30న వచ్చినయి. అమ్మాయిది భూపాలపల్లి జిల్లా రేగొండ వైపు ఊరు, ఆరు నుంచి పది దాకా మోడల్ స్కూల్, ఇంగ్లీష్ మీడియం. 10కి 10 జీపీఏ. నాయిన పత్తి, మిర్చి వేస్తడు, సొంతం రెండెకరాలు, ఇంకింత కౌలు. అమ్మ పొలం పనితోపాటు బీడీలు చుడుతది. ఒక తమ్ముడు. ఇంట్ల ఇంటర్ దాటిన మనిషి లేడు, మేనమామ ఒక్కడు హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్ కంపెనీల పని చేస్తడు, కాబట్టి ఇంట్ల ఆయన మాటకి బరువెక్కువ.

నా దగ్గరికి వచ్చేసరికే అక్కడ నాలుగు ప్లాన్లు తయారున్నయి. నాయిన, మేనమామ ఇద్దరిదీ ఒకటే మాట, ఎంపీసీ, తర్వాత సీఎస్ఈ. అమ్మకి డాక్టర్ చెయ్యాలని. స్కూల్లో ఒక సార్ బాసర ట్రిపుల్ ఐటీకి అప్లై చేయించిండు. ఇవి కాక కాలేజీల పీఆర్వోలు, వాళ్ళ ఫోన్లు ఎగ్జామ్స్ కంటే ముందే షురూ అయితయి, ఒకాయన అయితే ఇంటికే వచ్చి విజయవాడ క్యాంపస్‌ల ఫీజు సగం కన్సెషన్, ఇయ్యాల్నే అడ్వాన్స్ కడితే సీటు ఖాయం అని కూర్చున్నడంట. అమ్మాయి ఏం కావాలనుకుంటుందో మాత్రం ఆ నాలుగు ప్లాన్లల్ల లేదు.

నా పద్ధతి ఏందంటే మొదటి సిట్టింగ్‌ల తల్లిదండ్రుల్ని కాసేపు బయట కూర్చోమంట, పిల్లల నోట్‌బుక్స్ తెమ్మంట. మార్కుల మెమో కంటే నోట్‌బుక్ ఎక్కువ చెప్తది. అప్పటి మెమోల అందరికీ 10 ఉండె, నోట్‌బుక్‌ల ఆ పిల్ల ఎక్కడ ఆగింది, ఎక్కడ కొట్టేసి మళ్ళా చేసింది, ఎక్కడ అవసరం లేకున్నా రాసుకుంది అన్నీ కనిపిస్తయి.

మ్యాథ్స్ బుక్ నీట్‌గుంది. అయితే నీట్‌గుండుడు చూసి నేను మురవను, ఎందుకంటే గైడ్ చూసి ఎక్కించుకున్నా నీట్‌గనే ఉంటది. అందుకని టెక్స్ట్‌బుక్ మోడల్లనే అంకెలు మార్చి ఒక లెక్క ఇచ్చిన: ట్రైన్ 300 కిలోమీటర్లు పోవాలె, గంటకి 10 కిలోమీటర్ల స్పీడ్ పెంచితే గంట ముందు చేరుతది, అసలు స్పీడ్ ఎంత. ఈక్వేషన్ తనే రాసుకుంది, 50, మైనస్ 60 రెండు రూట్లు తెచ్చింది, మైనస్ 60 కొట్టేసింది. ఎందుకు కొట్టేసినవ్ బిడ్డా అంటే "స్పీడ్ మైనస్ ఉండదు కదా మేడం" అని, నేను అడగకముందే 300ని 50తోని, 60తోని భాగించి ఆరు గంటలు, ఐదు గంటలు, గంట తేడా సరిపోయిందని చూపించింది. జవాబు వచ్చినంక దాన్ని వెనక్కి పోయి చెక్ చేసుకునే అలవాటు పదో తరగతి పిల్లల్ల చాలా తక్కువ. కాబట్టి ఈ అమ్మాయికి మ్యాథ్స్ నిజంగ వస్తది, ఎంపీసీ వేసినా నడుస్తది, దాంట్ల డౌట్ లేదు.

తర్వాత బయాలజీ బుక్ తెరిచిన. అందరి బుక్కుల్ల ఉండే గుండె బొమ్మ, నెఫ్రాన్ బొమ్మ ఉన్నయి, సరే. వెనక పేజీలల్ల మాత్రం వేరే ఉంది. 2021 చలికాలంల మన వైపు మిర్చిని నల్ల తామర పురుగు ఎట్ల నాశనం చేసిందో తెల్సిందే, వరంగల్, భూపాలపల్లి, మహబూబాబాద్, ఖమ్మం అంతటా పువ్వులు రాలిపోయి తోటలకి తోటలే దున్నేసిండ్రు. ఆ అమ్మాయి ఆ టైంల పొద్దున పొలానికి పోయి, మిర్చి పువ్వుని తెల్ల కాయితం మీద దులిపి, పడ్డ పురుగుల్ని లెక్కపెట్టి రాసుకుంది. మందు కొట్టిన రోజు, కొట్టినంక కొన్ని రోజులకి, కాలువ పక్క సాలు, నడిమి సాలు అని వేరువేరుగ గీతలు గీసి రాసింది. పువ్వు బొమ్మ వేసి లోపల పురుగు ఎక్కడ దాక్కుంటదో బాణం గుర్తు పెట్టింది. ఎవరు చెప్పిండ్రు ఇట్ల రాయమని అంటే, ఎవరూ చెప్పలేదు, నాయిన షాపాయన ఇచ్చిన ప్రతి మందూ కొడుతుంటే దేనికి తగ్గుతుందో చూద్దామని రాసిన అన్నది. మందు కొట్టినంక రెండు మూడు రోజులకే మళ్ళా అంతే కనిపించినయంట, కొన్నిసార్లు ఇంకా ఎక్కువైనయంట, అది ఆమెకి అర్థం కాలే, ఇప్పటికీ అదే అడుగుతుంది, "ఎందుకు ఎక్కువైనయి మేడం" అని.

నేను ఎంటమాలజీ, అంటే పురుగుల చదువు, చదవలే, అయినా విచ్చలవిడిగ మందు కొడితే ఆ పురుగుని తినే మంచి పురుగులు కూడా చస్తయని, అప్పుడు చెడ్డది ఇంకా పెరుగుతదని తెల్సినంత చెప్పిన. అది విని "గది చదవాలంటే ఏం కోర్సు" అన్నది. మొత్తం కేసుల నాకు ముఖ్యమైన మాట అదే. పద్నాలుగు, పదిహేనేండ్ల పిల్ల "నేను ఇది అయిత" అని చెప్తే నేను పెద్దగ పట్టించుకోను, సినిమా చూసి కూడా చెప్తరు. ఎవరూ మార్కులు వెయ్యని పని ఏది చేస్తుందో అది చూస్త.

ఇగ పేరెంట్స్‌ని లోపలికి పిలిచి అందరం కూర్చున్నం. గ్రూప్ నుంచి మొదలుపెట్టి కోర్సుకి పోవద్దు, కోర్సు నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలె, ఇది నేను అందరికీ చెప్పేదే. ఆ రోజు ఒక పెద్ద కాయితం తీసుకొని ఏ కోర్సుకి ఏ గ్రూప్ కావాలె, ఏ ఎంట్రెన్స్, దాంట్ల ఏ సబ్జెక్ట్‌కి ఎంత అని రాసుకుంట పోయినం. ఇంజనీరింగ్‌కి ఎంపీసీ. ఎంబీబీఎస్, బీడీఎస్, ఆయుర్వేదం, హోమియోకి బైపీసీ, నీట్. బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్‌కి బైపీసీ, ఎంసెట్ అగ్రికల్చర్ స్ట్రీమ్, ఇప్పుడు దాన్నే ఈఏపీసెట్ అంటున్నరు. అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ అని బీటెక్ ఒకటుంది, అది ఎంపీసీ వాళ్ళకి, ట్రాక్టర్లు, డ్రిప్పు, నీళ్ళ లెక్కలు, పురుగుల చదువు కాదు. బీఫార్మసీకి రెండు గ్రూపులోళ్ళూ పోవచ్చు. బీకాం, బీఏ, ఐదేండ్ల లా లాంటివాటికి ఏ గ్రూపైనా అడ్డం కాదు, కాబట్టి వాటిని పక్కన పెట్టినం.

మేనమామ ఫోన్ స్పీకర్ల ఉన్నడు, మంచి ప్రశ్న అడిగిండు: "రేపు పిల్ల మనసు మారితే? ఎంపీసీ అయితే సేఫ్ కదా మేడం." చాలామంది అనుకునేది ఇదే, ఎంపీసీ తీసుకుంటే అన్నీ ఓపెన్ ఉంటయని. ఇంజనీరింగ్, డిగ్రీ, ఫార్మసీ దాకా నిజమే. కానీ బయాలజీ వైపు మళ్ళాలంటే ఆ రోజుల్ల దారి దాదాపు లేదు, ఇంటర్‌ల రెగ్యులర్‌గ బయాలజీ చదవకుంటే నీట్ రాయనియ్యకపోతుండె. 2023 నవంబర్‌ల నేషనల్ మెడికల్ కమిషన్ ఆ రూల్ సడలించింది, బయాలజీ అడిషనల్ సబ్జెక్ట్‌గ పాసైనా సరే అన్నది, గానీ మేం కూర్చున్నప్పుడు అది లేదు. బైపీసీ నుంచి మ్యాథ్స్ వైపు మాత్రం అప్పటికే ఒక దారుంది, బైపీసీ పాసైనంక మ్యాథ్స్‌ని అడిషనల్‌గ ఇంటర్ బోర్డుకి రాసుకోవచ్చు. ఏడాది పోతది, కాలేజీ లేకుండ సొంతంగ చదవాలె, ఈజీ అని నేను చెప్పను. అయితే ఎవరికి ఈజీ? మ్యాథ్స్ గట్టిగ వచ్చే పిల్లకే ఈజీ. అంటే ఈ అమ్మాయి బైపీసీ తీసుకొని తర్వాత మనసు మార్చుకుంటే వెనక్కి రాగలుగుతది, ఎంపీసీ తీసుకొని మార్చుకుంటే కష్టం. మ్యాథ్స్ బలం ఇక్కడ బైపీసీ పక్కనే నిలబడ్డది. మేనమామ కొద్దిసేపు ఏం మాట్లాడలే, తర్వాత "ఇట్ల ఎవరూ చెప్పలే" అన్నడు.

రెండో సంగతి ఇంకా పెద్దది, ఫిజిక్స్ చెప్పినదాన్ని కాబట్టి ఇది గట్టిగ చెప్పగలను. బైపీసీల ఇంటర్ మార్కులు 1000, దాంట్ల రెండేండ్ల ఇంగ్లీష్, సెకండ్ లాంగ్వేజ్ కలిపి 400, బాటనీ జువాలజీ ప్రాక్టికల్స్‌తోని 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150. ఎంట్రెన్స్‌కి వచ్చేసరికి లెక్క మారిపోతది. ఎంసెట్ అగ్రికల్చర్ పేపర్ల 160 ప్రశ్నలు, బాటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. లాంగ్వేజెస్ సున్నా. బోర్డు ఎగ్జామ్‌ల నూటికి పదిహేను ఉన్న ఫిజిక్స్ ఇక్కడ నూటికి ఇరవై ఐదు అయితది, నీట్‌ల కూడా 720కి 180, అదే పావు వంతు. బయాలజీ దగ్గర మంచి పిల్లలంతా దగ్గర దగ్గర మార్కులే తెచ్చుకుంటరు, ర్యాంకు తేడా వచ్చేది ఫిజిక్స్ కాడ, ఫిజికల్ కెమిస్ట్రీ కాడ. బైపీసీ పిల్లలు అక్కడ ఎందుకు పడిపోతరంటే ఫిజిక్స్ రాక కాదు, ఫిజిక్స్‌ల ఉండే మ్యాథ్స్ రాక. పదో తరగతితోని మ్యాథ్స్ పీడ వదిలింది అనుకొని వస్తరు, ఫస్టియర్ మొదట్లనే వెక్టర్స్, సైన్ కాస్, గ్రాఫ్ స్లోపు, తర్వాత లాగ్స్ వస్తే చేతులెత్తేస్తరు, లెక్చరర్‌కి సిలబస్ తొందర, ఫార్ములా రాసుకోండి అని ముందుకు పోతడు. కాబట్టి మ్యాథ్స్ వచ్చే పిల్ల బైపీసీకి వస్తే ఆ మ్యాథ్స్ ఎటూ పోదు, తోటి పిల్లలు తడబడే కాడ ఈమె ముందుకు పోతది.

నాయినకి ఇవన్నీ విన్నంక కూడా ఒక భయం మిగిలింది, దాన్ని నేను తక్కువ చేయను. "మేడం, మేం మట్టిల పడి చస్తున్నం, బిడ్డని మళ్ళా మట్టిలకే పంపుతమా." మిర్చి పోయిన ఏడాది అది, అప్పు అట్లనే ఉంది. నేను ఆయన్ని అడిగిన, మీ క్లస్టర్ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) ఎవరు అన్నా అని. పేరు చెప్పిండు. ఐదు వేల ఎకరాలకి ఒక క్లస్టర్, ఒక ఏఈవో, రైతు వేదిక, ఇవన్నీ ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఆ ఏఈవోలు, పైన ఏవోలు (మండల వ్యవసాయ అధికారులు), బ్యాంకులల్ల అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్లు, విత్తన కంపెనీల ట్రయల్స్ చూసేటోళ్ళు, జయశంకర్ అగ్రికల్చర్ వర్సిటీ సైంటిస్టులు, వరంగల్ రీజనల్ రీసెర్చ్ స్టేషన్‌ల ఉండేటోళ్ళు, వీళ్ళంతా ఈ చదువుతోనే వచ్చినోళ్ళు అని చెప్పిన. సాఫ్ట్‌వేర్ జీతాలతోని పోల్చి అబద్ధం చెప్పలే, మొదట్ల అంత రాదు, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసుడు ఉంటది, పీజీ చేస్తేనే రీసెర్చ్ వైపు పోవచ్చు అని కూడా చెప్పిన. ఆయన బిడ్డ వైపు చూసి "నీకు గదే కావాల్నా" అన్నడు, ఆమె తల ఊపింది. అయినా ఆ రోజే ఒప్పుకోలే, ఇంటికి పోయి ఆలోచిస్తం అన్నరు. ఒప్పుకోవద్దు కూడా, ఇసొంటి నిర్ణయం నా గదిల తీసుకునేది కాదు.

మధ్యల ఇంకో దారి కూడా చూసినం, చాలా పల్లెటూరి ఫ్యామిలీలకి తెలియదు కాబట్టి రాస్తున్న. పది అయిపోంగనే పాలీసెట్ ర్యాంకుతోని అగ్రికల్చర్ పాలిటెక్నిక్, రెండేండ్ల డిప్లొమా, దానితోనే ఏఈవో పోస్టులకి అర్హత. ఇంట్ల డబ్బుకి బాగా ఇబ్బంది ఉండి, తొందరగ ఉద్యోగం కావాలనుకునే పిల్లలకి ఇది నిజంగ మంచిది. ఆ డిప్లొమా నుంచి బీఎస్సీకి పోవాలంటే అగ్రిసెట్ ఉంది గానీ సీట్లు తక్కువ. 10 జీపీఏ ఉండి, చదివే ఓపిక ఉన్న పిల్లకి నేరుగ ఇంటర్ దారే మేలు అని నా అభిప్రాయం చెప్పిన. బాసర సంగతి కూడా అంతే, ఆరేండ్ల ఇంటిగ్రేటెడ్, గవర్నమెంట్ బడి పిల్లలకి అప్పుడు జీపీఏల అదనంగ 0.4 కలుపుతుండె, ఇంజనీరింగ్ కావాలనుకున్న పల్లె పిల్లకి అంతకంటే మంచి అవకాశం తక్కువ. కానీ ఈమెకి కావాల్సింది ఇంజనీరింగ్ కాదు. సీటు వస్తదని చెప్పి కోర్సు మార్చుకునుడు నాకు నచ్చదు.

వారం దాటినంక ఫోన్ వచ్చింది, బైపీసీకే ఫిక్స్ అయినం, కాలేజీ చెప్పండి అని. ఇక్కడ విజయవాడ ఆఫర్ మీద గట్టిగనే మాట్లాడిన. ఏ రాష్ట్రంల ఎన్నేండ్లు చదివినవు అన్నదాని మీద లోకల్, నాన్‌లోకల్ ఆధారపడి ఉంటది, 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకే. అప్పటి ఏడేండ్ల లెక్కల చూస్తే ఆరు నుంచి పది దాకా ఇక్కడ చదివింది కాబట్టి రెండేండ్లు ఆంధ్రకి పోయినా లోకల్ పోకపోవచ్చు, కానీ రూల్స్ మధ్యల మారితే పిల్లలే నలుగుతరు, అంత రిస్క్ సగం ఫీజు కన్సెషన్ కోసం ఎందుకు అన్న. 2024 జూలైల జీవో 33 వచ్చింది, మెడికల్ సీట్లకి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా తెలంగాణల చదివితేనే లోకల్ అన్నరు, కోర్టుల చుట్టూ తిరిగి 2025 సెప్టెంబర్‌ల సుప్రీంకోర్టు ఆ జీవోని నిలబెట్టింది. ఇంటర్ రెండేండ్లు విజయవాడల చదివిన పిల్లల పేరెంట్స్ ఎంత టెన్షన్ పడ్డరో నేను చూసిన.

మోడల్ స్కూల్లనే ఇంటర్ ఉంది, ఫ్రీ, లెక్చరర్లు కూడా తెలిసినోళ్ళే, అమ్మాయి అక్కడే ఉంట అన్నది. నేను ఒక్కటే అడిగిన, అక్కడ ఫిజిక్స్ పోస్టుల ఎవరన్న ఉన్నరా, ఖాళీనా. ఇది అడగకుండ గవర్నమెంట్ కాలేజీల చేర్పించొద్దు, బిల్డింగ్ చూసి, రిజల్ట్స్ ఫ్లెక్సీ చూసి మోసపోవద్దు, నాలుగు సబ్జెక్టులకి నలుగురు మనుషులు ఉన్నరా లేదా పోయి కనుక్కోవాలె. ఉన్నరని చెప్పినంక అక్కడే చేర్పించినం. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుంటే మార్కులు ఎక్కువస్తయి అని ఎవరో చెప్పిండ్రంట, వద్దన్న, తెలుగే ఉంచుకోమన్న. అప్పటికి ఎంసెట్‌ల ఇంటర్ మార్కుల వెయిటేజీ కరోనా వల్ల తాత్కాలికంగ లేదు, 2023ల ప్రభుత్వం పూర్తిగనే ఎత్తేసింది, కాబట్టి ఆ పది మార్కులకి ర్యాంకు మారేది లేదు, కొత్త భాష నేర్చుకునే టైం ఫిజిక్స్‌కి పెడితే లాభం.

ప్లాన్ పెద్దగ ఏం లేదు. కాలేజీ మొదలయ్యే లోపల పాత పదో తరగతి మ్యాథ్స్ పుస్తకం తీసి ట్రిగనామెట్రీ, గ్రాఫులు, ప్రోగ్రెషన్స్ మళ్ళా చేయమన్న, ఎంపీసీ ఫస్టియర్ పుస్తకంల వెక్టర్స్ మొదటి చాప్టర్, లాగరిథమ్స్ ఒక సీనియర్ దగ్గర నేర్చుకోమన్న. డిఫరెన్సియేషన్ అంటే స్లోపు అని అర్థమయ్యే దాకా నేనే కూర్చొని చెప్పిన. ఫస్టియర్ మొత్తం బోర్డు సిలబస్ తప్ప వేరే మెటీరియల్ కొనొద్దన్న. సెకండియర్ దసరా నుంచి పాత ఎంసెట్ పేపర్లు టైం పెట్టుకొని చేసుడు, తప్పు పోయినవి ఒక బుక్కుల రాసుకునుడు, ఆ బుక్కు నెలకోసారి నాకు చూపించుడు. ఆ తప్పుల బుక్కుల ఫస్ట్ రెండు నెలలు జువాలజీ తప్పులే ఎక్కువున్నయి, ఫిజిక్స్‌వి తక్కువ, బైపీసీ పిల్లల్ల ఇట్ల ఉల్టా ఉండుడు నేను అరుదుగ చూస్త.

ఇంకో పని ఉంది, చాలామంది చివర్ల ఉరుకులాడేది. అగ్రికల్చర్ సీట్లల్ల అప్పుడు రైతు కోటా 40 శాతం ఉండె, తల్లిదండ్రులకి కనీసం ఎకరం భూమి, పిల్లలు కనీసం నాలుగేండ్లు మున్సిపాలిటీ కాని చోట చదివి ఉండుడు, ఇవి రెండు ముఖ్యం. నేను ఫస్టియర్లనే పాస్‌బుక్ తెప్పించి చూసిన, భూమి నాయిన పేరు మీద ఉందా, తాత పేరు మీదనే నడుస్తుందా అని. చాలా ఊర్లల్ల తాత పేరు మీదనే ఉంటది, కౌన్సెలింగ్ తేదీ వచ్చినంక తహసీల్దార్ ఆఫీస్ చుట్టూ తిరుగుతరు. వీళ్ళకి నాయిన పేరు మీదనే ఉంది. స్టడీ సర్టిఫికెట్లు హెడ్మాస్టర్ దగ్గర ముందే తీయించి పెట్టినం, పేరుల ఒక అక్షరం తేడా ఉంటే అప్పుడే సరిచేయించినం.

సెకండియర్ల అసలు గుంజులాట మొదలైంది. 2023ల భూపాలపల్లిల గవర్నమెంట్ మెడికల్ కాలేజీ వచ్చింది, ఇంటికి దగ్గర్లనే తెల్లకోట్ల పిల్లలు కనిపించేసరికి అమ్మ ఆశ మళ్ళా లేచింది, నీట్ లాంగ్ టర్మ్ (ఇంటర్ అయినంక ఇంకో ఏడాది కోచింగ్) అయినా సరే డాక్టర్ చేయాలె అని. నేను ఆ ఆశని కొట్టేయలే. బైపీసీ తీసుకున్నంక నీట్ రాయకపోవుడు తెలివి కాదు, సిలబస్ చాలావరకు ఒకటే. అయితే ముందే ఒక మాట అనుకోవాలె అని ముగ్గుర్నీ కూర్చోబెట్టిన: గవర్నమెంట్ సీటు వచ్చే స్కోర్ వస్తే అప్పుడు అమ్మాయి ఆలోచించుకుంటది, రాకుంటే ప్రైవేట్ మేనేజ్‌మెంట్ సీటు కోసం భూమి అమ్మొద్దు, లాంగ్ టర్మ్ ఇంకో ఏడాది అమ్మాయి తనంతట తాను అడిగితే తప్ప వెయ్యొద్దు. అమ్మ ఏడ్చింది, కానీ ఒప్పుకుంది. ఈ మాట రిజల్ట్ ముందే అనుకోవాలె, రిజల్ట్ వచ్చినంక ఇంట్ల ఎవరి మాట ఎవరూ వినరు.

2024ల నీట్ మే 5న, ఈఏపీసెట్ అగ్రికల్చర్ మే 7, 8న పడ్డది. మధ్యల దాదాపు గ్యాప్ లేదు, రెండు పరీక్షల స్వభావం వేరు. నీట్‌ల తప్పుకి ఒక మార్కు కట్, తెలియనిది వదిలెయ్యాలె. ఈఏపీసెట్‌ల నెగెటివ్ లేదు, మూడు గంటల్ల 160, ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు. నీట్ రాసి వచ్చిన పిల్లలు ఆ వదిలేసే అలవాటుతోనే ఇక్కడ కూర్చుంటరు. అందుకని ఏప్రిల్ నుంచే ఒక రోజు నీట్ పద్ధతిల, ఒక రోజు ఈఏపీసెట్ పద్ధతిల పేపర్లు చేయించినం. ఐసీఏఆర్ (జాతీయ వ్యవసాయ పరిశోధన మండలి) ఆలిండియా సీట్లు 2023 నుంచి సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రెన్స్) ద్వారా ఇస్తున్నరు, అది కూడా రాసింది, పెద్దగ ప్రిపేర్ కాలే.

ఈఏపీసెట్ రిజల్ట్ మే 18న వచ్చింది, అనుకున్నదానికంటే మంచి ర్యాంకు. నీట్ స్కోర్ బానే ఉంది, ఆ ఏడు అందరికీ మార్కులు పెరిగిపోయి గవర్నమెంట్ సీటు దాకా రాలే. అమ్మ రెండు రోజులు మాట్లాడలే, మూడో రోజు ఆమెనే ఫోన్ చేసి అగ్రికల్చర్ కౌన్సెలింగ్ ఎప్పుడు మేడం అన్నది. లాంగ్ టర్మ్ పేరు ఎవరూ ఎత్తలే. రైతు కోటాల జగిత్యాల పొలాస అగ్రికల్చర్ కాలేజీల సీటొచ్చింది. వరంగల్ అగ్రికల్చర్ కాలేజీ ఇంటికి దగ్గరని దాన్ని ముందు పెట్టుకుంది, అది రాలే, పొలాస అయినా హ్యాపీనే అన్నది.

ఇప్పుడు ఎంటమాలజీ ల్యాబ్ రికార్డ్ ఫొటోలు పంపుతుంటది. ఆ మిర్చి బుక్కు వాళ్ళ మేడంకి చూపించిందంట, మందు కొట్టినంక పురుగు ఎందుకు పెరిగిందన్నదానికి జవాబు క్లాసుల దొరికిందని రాసింది, జవాబు కంటే ఇంకో మూడు ప్రశ్నలు ఎక్కువ రాసింది. పీజీకి ఐసీఏఆర్ జేఆర్ఎఫ్ (పీజీ చదువుకి ఇచ్చే ఫెలోషిప్) అంటుంది, దానికి ఫస్టియర్ నుంచే ఓజీపీఏ (డిగ్రీ మొత్తం గ్రేడ్ల సగటు) పడిపోకుండ చూసుకోమన్న.

తమ్ముడు 2025ల పది పాసైండు, జీపీఏ తీసేసి మళ్ళా మార్కులు ఇచ్చిన మొదటి బ్యాచ్. ఈసారి నాయిననే అడిగిండు, "మేడం, పిల్లగాని నోట్‌బుక్కులు కూడా తెమ్మంటవా" అని. మ్యాథ్స్ బుక్కు సగం ఖాళీ, మోటర్ రిపేరు చేసుడంటే ప్రాణం పెడతడు, స్టార్టర్ విప్పి మళ్ళా బిగిస్తడు. ఆయనది పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్, తర్వాత ఈసెట్ (డిప్లొమా వాళ్ళు బీటెక్‌కి పోయే ఎంట్రెన్స్) దారి, అది పూర్తిగ వేరే కేసు, విడిగ రాస్త.